రెండో చొక్కా

నవంబరు 24, సోమవారం

ఢిల్లీశ్వరరావు మళ్ళీ వచ్చాడు. తలుపు తియ్యలేదు.

నవంబరు 26, బుధవారం

ఈ రోజు కూడా గంప ఎత్తలేదు. ఎండు చేపలు మూటలోనే ఉన్నాయి. నౌపడ ఉప్పు కరిగి గదంతా తడి అయింది. అవ్వనీ.

బారువ నుంచి దేవి తండ్రి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. కోడలి తండ్రి కదా, అడగాల్సింది ఆయనే. కానీ ఆయన ఏమీ అనడు, మంచివాడు. అనేది మా ఆయనే.

“నెలగంట పెట్టీలోగా కానిచ్చీయాలి మంగా. తరవాత దనుర్మాసం, దాసుడు రానంటన్నాడు.”

“ఏటి కానిచ్చీయాలి?”

“నీకు తెల్దేటి?”

తెలుసు. వేటకి వెళ్ళి శవం దొరకనివాళ్ళకి మా పేటలో దాసుడి చేత చేయించేదే. గడ్డితో మనిషిని కట్టి, వాడి బట్ట తొడిగి, పేరు పెట్టి పిలిచి కాలుస్తారు. అప్పుడు వాడు పోయినట్టు. దేవి గాజులు అప్పుడు తియ్యాలి, పుట్టింటికి అప్పుడు వెళ్ళాలి, దాని బతుకు గురించి ఎవరైనా మాట్లాడాలన్నా ఆ తరవాతే. దానికి పెళ్ళయి రెండేళ్ళు కాలేదు.

నేను ఒప్పుకోను. గడ్డి కాలిస్తే నా కొడుకు యువరాజు చచ్చిపోతాడా? గాలివానకి కొట్టుకుపోయి బంగ్లాదేశ్‌లో తేలినవాళ్ళు లేరా? అక్కడి జైల్లో ఉండి ఉండి, ఒక రోజు గుమ్మంలో నిలబడి బువ్వ పెట్టమన్నవాళ్ళు లేరా? ఫోను ఇవ్వరట ఆ జైల్లో. అందుకే చెయ్యడం లేదు.

ఆ హెలికాప్టరు వాడు చేతకానివాడు. దసరా వెళ్ళిన వారంలో పడవ తిరగబడింది, యువరాజూ ఢిల్లీశ్వరరావూ ఇద్దరూ దాన్ని పట్టుకుని ఉన్నారు. ఢిల్లీని ఎత్తుకుపోయాడు. నా కొడుకుని వదిలేశాడు. గాలికి నిలబెట్టలేకపోయాడట. నిలబెట్టలేనివాడు ఎందుకొచ్చాడు?

నవంబరు 28, శుక్రవారం

హార్బరు గోడ పక్కన లారీ ఆగింది. టార్పాలిను కట్టారు. పేటంతా వెళ్ళింది. నేను వెళ్ళలేదు. తరవాత వెళ్ళాను.

ఆవుదూడంత హెలికాప్టరు. పైన రెక్కలు, వెనక తోక, అన్నీ ఉన్నాయి. మనిషి కూర్చోడానికి మాత్రం చోటు లేదు. మా వీధి ముసలమ్మ పెద్దతల్లి అందరికంటే ముందు నిలబడి లారీలో వచ్చినవాళ్ళని ప్రశ్నలు అడుగుతోంది.

“మనిసి నేకుండా ఎగిరీదేటిరా బాబూ? దెయ్యవేటి?”

“దెయ్యం కాదు మామ్మా, డ్రోను.”

“డ్రోనంటే పెళ్ళిళ్ళలో ఈగనాగ తిరిగీది కాదేటి? ఇది పెయ్యనాగున్నాది.”

“బరువు మొయ్యాలి కదా. మునిగిపోయేవాళ్ళకి తాడూ ట్యూబూ పట్టుకెళ్ళాలి. గాలివానలో కూడా.”

“ఇంత సేసీసి, కూకోడానికి పీట పెట్టడం మర్సిపోనారు.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వినట్టున్నాను. నవ్వగానే ఒళ్ళు మండి ఇంటికి వచ్చేశాను.

గాలివానలో కూడా, అన్నాడు.

నవంబరు 30, ఆదివారం

ఉండలేక మళ్ళీ వెళ్ళాను. దేవితో ఉప్పు ఆరబెట్టడానికని చెప్పాను.

అక్కడ పెద్దవాడి పేరు నిరంజన్. పలాస అబ్బాయే. వాళ్ళ నాన్న జీడిపప్పు కొట్టు పెట్టాడట. ఇంజనీరు. ముందు చదువుకున్నవాళ్ళ మాట మాట్లాడతాడు, తరవాత మనలాగే మాట్లాడతాడు. గాలికి ఎలా నిలబడుతుందని అడిగాను. నేను ఎవరినో తెలియదు కాబట్టి మామూలుగానే చెప్పాడు.

దాని కడుపులో చిన్న పెట్టె ఉందట. గాలి తొయ్యగానే ఎటు వాలుతున్నదీ, ఎంత విసురుగా వాలుతున్నదీ ఆ పెట్టెకి తెలిసిపోతుందట. మనిషి కన్ను ఆర్పే లోపు రెక్కల వాలు ఎన్నోసార్లు మార్చేస్తుందట. కింద వీళ్ళు ‘అక్కడ నిలబడు’ అని చెప్తారంతే. ఎలా నిలబడాలన్నది అదే చూసుకుంటుంది.

నాకు గంప గుర్తొచ్చింది. నెత్తి మీద నిండు గంపతో ఇసకలో నడిచేటప్పుడు గాలి కొడితే, మెడ వాలుద్దాం అని అనుకోము కదా. అనుకునే లోపే మెడ వాలిపోతుంది. అనుకుని వాలిస్తే అప్పటికే గంప కింద ఉంటుంది. నిరంజన్‌కి అదే చెప్పాను.

“అదేనమ్మా! అంతే. మెడ లాంటి పెట్టి,” అన్నాడు.

“మరి మనుసులు నడిపీ హెలికాప్టర్లకి మెడ నేదేటి?”

“కొత్తవాటికి పెడతన్నారు. పాతవాటికి పైలట్ చేతులే మెడ. అందులోనూ సముద్రం మీద చాలా కష్టం. కింద నీళ్ళు కదుల్తుంటాయి కదా. తను జరుగుతున్నాడో నీళ్ళు జరుగుతున్నాయో కంటికి తెలీదు. పక్కన ఇల్లో చెట్టో ఉంటే దాన్ని చూసి నిలబెట్టుకోవచ్చు.”

ఆ మాట నాకు నచ్చలేదు. వాణ్ణి వెనకేసుకొస్తున్నట్టు ఉంది. లేచి వచ్చేశాను.

వాళ్ళ పడవ నడిపేది ఢిల్లీయేనట. అందుకే అటు చూడకుండా వచ్చాను.

డిసెంబరు 1

ఈ పెట్టె ఆ రోజు ఉండి ఉంటే.

డిసెంబరు 2

ఈ పెట్టె ఆ రోజు ఉండి ఉంటే.

డిసెంబరు 3, బుధవారం

దేవుడు లేడని ఎవరన్నారు.

నిరంజన్ హార్బరులో మగవాళ్ళని పాత చొక్కా ఒకటి అడుగుతున్నాడు. వాళ్ళ దగ్గర మనిషంత బొమ్మ ఉంది. దాన్ని సముద్రంలో వదిలితే హెలికాప్టరు వెళ్ళి, కెమెరాతో చూసి, దాని పైన నిలబడి ట్యూబు వదలాలి. బొమ్మకి నారింజ రంగు కోటు ఉంది. అది కెమెరాకి తేలిగ్గా కనబడిపోతోందట. మనవాళ్ళు వేటకి వెళ్ళేది మామూలు చొక్కాలతోనే కదా, అలాంటిది తొడిగితేనే అసలు పరీక్ష అన్నాడు.

“ఓపాలి సూత్తే గుర్తెట్టుకుంటాదేటి బాబూ అది?”

“నేర్పిస్తే నేర్చుకుంటుందమ్మా.”

“ఎవులికీ అడక్కు. నాను తెత్తాను.”

ఆకుపచ్చ గళ్ళ చొక్కా. దేవే పలాసలో ఒక్క తానులోంచి గుడ్డ కొని రెండు కుట్టించింది. ఒకటి ఆ రోజు వాడి ఒంటి మీద ఉంది. రెండోది దేవి పెట్టెలో ఉంది. కెమెరా ఈ చొక్కాని నేర్చుకుంటే ఆ చొక్కాని వెతుకుతుంది. ఇంత చిన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

దేవి కుళాయికి వెళ్ళినప్పుడు తీశాను. అడిగితే ఇవ్వదు. మళ్ళీ పెట్టేస్తాను కదా.

డిసెంబరు 4, గురువారం

నిలబడింది! గాలి ఎంత ఉందంటే టార్పాలిను ఎగిరి వలల మీద పడింది. ఒడ్డున మేమే నిలబడలేకపోయాం. అది లేచి, మూతి గాలికి పెట్టి, కొంచెం ముందుకి వంగి, బొమ్మ పైన మేకు కొట్టినట్టు ఆగిపోయింది. తోక వణుకుతోంది గానీ కడుపు కదల్లేదు. నిండు గంప. మా ఆయన కూడా “అబ్బా” అన్నాడు. వాళ్ళందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

ట్యూబు సరిగ్గా వాడి చెయ్యి పక్కనే పడింది. పట్టుకోలేదు. బొమ్మ కదా.

పెట్రోలు అయిపోయి అది వెనక్కి వచ్చింది. పడవ వెళ్ళేసరికి బొమ్మని కట్టిన తాడు తెగిపోయి ఉంది. నీటి లాగుడికి బొమ్మ పోయింది. హెలికాప్టరు మళ్ళీ లేచి అటూ ఇటూ తిరిగింది. పొద్దు వాలిపోయింది. నిరంజన్ “దొరికేస్తుందమ్మా” అంటూనే ఉన్నాడు.

డిసెంబరు 5

దొరకలేదు. దేవి పెట్టె తెరవలేదు. తెరవకుండా చూడు తల్లీ.

డిసెంబరు 6, శనివారం

ఎక్కడ మొదలుపెట్టాలి.

పొద్దున్నే పక్కపేట పడవ ఒకటి వేట మానేసి మా ఒడ్డుకి వచ్చింది. సముద్రంలో శవం కనబడితే మనవాళ్ళెవరూ వదిలేసి రారు. ఎవరిదైనా సరే. మొహం చూడరు, తిప్పరు. నడుముకి తాడు వేసి, పడవ వెనక కట్టుకుని, దగ్గర ఒడ్డుకి చేర్చి, తువ్వాలు కప్పి, అప్పుడు కేక వేస్తారు. ఈ పరీక్షల సంగతి వాళ్ళకి తెలియదు. వాళ్ళు చేసిందంతా పద్ధతిగానే చేశారు.

దేవి కుళాయి దగ్గర ఉంది. కేక విని బిందె వదిలేసి పరిగెత్తింది. తువ్వాలు కింద నుంచి చెయ్యి ఒక్కటే బయటికి ఉంది. ఆకుపచ్చ గళ్ళు. ఇన్నాళ్ళ తరవాత నీళ్ళలో మనిషి అలా ఉండడని దానికి తెలియదా? పుట్టింది సముద్రం పక్కనే. తెలిసినా ఆ గళ్ళు చూస్తే ఇంకేం తెలుస్తుంది?

నేను వెళ్ళేసరికి అది రాయి తీసుకుని గాజులు కొట్టేసుకుంటోంది. ఆడవాళ్ళు చుట్టూ చేరి శోకాలు పెడుతున్నారు. ముంజేతి మీద రక్తం.

“బొమ్మే! ఓలమ్మా, బొమ్మే అది! ఊరుకోండి, బొమ్మ!”

ఎవరూ వినలేదు. పిచ్చెక్కింది అనుకున్నారు నాకు. తువ్వాలు లాగి దాన్ని వెల్లకిలా తిప్పేశాను. కళ్ళు లేవు, ముక్కు లేదు, తెల్లటి స్పాంజి మొహం.

శోకాలు ఆగిపోయాయి. ఆ పడవ మనిషి తల పట్టుకున్నాడు.

“బొమ్మకేటి, ఏట మానీసి మోసుకొచ్చినాం! ఎవుల్రా ఒగ్గీసినారు దీన్ని?”

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. పెద్దతల్లి వాళ్ళని నోటికొచ్చినట్టు తిట్టింది.

దేవి చొక్కా కాలరు పట్టుకుని చూసింది. లోపల పలాస దర్జీ వేసిన గుర్తు ఉంది. తరవాత నా వైపు చూసింది.

“ఇది నా పెట్టిలోది. ఎవులిచ్చినారత్తా?”

“నానే.”

“నాకు సెప్పకుండానా?”

“ఆ మిసను ఆడిని గుర్తుపట్టాలని... సొక్కా నేర్సుకుంటాదని...”

“మిసను గుర్తుపట్టాలేటి? నాను పట్టనేటత్తా? ఇదిగో, పట్టినాను కదా, సూడు.” చెయ్యి చాపి చూపించింది. “ఆడిని సావనీవు. నన్ను బతకనీవు.”

గట్టిగా కూడా అనలేదు.

డిసెంబరు 7

దేవి పొద్దున్నే లేచింది. అన్నం వండింది, అందరికీ పెట్టింది. చేతికి గాజుల్లేవు. వేసుకోమని నేను ఎలా అంటాను, వద్దని ఎలా అంటాను.

డిసెంబరు 8, సోమవారం

నిరంజన్ ఇంటికి వచ్చాడు. ఎవరో చెప్పేశారు నేను ఎవరినో. గుమ్మం బయటే నిలబడి, తప్పయిపోయిందమ్మా, పడవలవాళ్ళందరికీ ముందే చెప్పాల్సింది అన్నాడు. లోపలికి రమ్మన్నాను. టీ ఇచ్చాను. చొక్కా కవరులో పెట్టి తెచ్చాడు. ఇంకా తడిగానే ఉంది.

“ఇప్పుడు దానికి సొక్కా తెలిసిపోనాది కదా బాబూ. ఓపాలి పంపించు. సముద్రమంతా కాదు. పడవ తిరగబడిన కాడికి.”

అతను గ్లాసు కింద పెట్టాడు.

“అమ్మా, అది చొక్కా నేర్చుకోదు. నీళ్ళ మీద మనిషి రూపం ఎలాగుంటాదో నేర్చుకుంటాదంతే. అది కూడా ఇంకా సరిగ్గా రాలేదు, మొన్న చూశారు కదా. నిలబడ్డం మాత్రం దానికి బాగా వచ్చు. ఉన్న మనిషి పైన నిలబడ్డం.”

లేని మనిషి మాట ఎత్తలేదు. మంచి పిల్లడు.

“నువ్వు ముందే సెప్పొచ్చు కదా.”

“మీరు అడిగింది అదని నాకు తెలీదమ్మా.”

అదీ నిజమే. నేను ఏది అడిగానో నాకే తెలియదు. తెలుసు.

వెళ్ళేటప్పుడు చెప్పులు వేసుకుంటూ అన్నాడు. “ఆ రోజు పైలట్ ఆ గాలిలో చేతులతో ఏం చేశాడో వింటే నేను నమ్మలేకపోయాను. ఢిల్లీశ్వరరావుని అడగండి. పాపం, మీకు చెప్పాలనే తిరుగుతున్నాడు.”

డిసెంబరు 9, మంగళవారం

తలుపు తీశాను.

ఢిల్లీ సగమైపోయాడు. యువరాజూ వీడూ ఒక కంచంలో తిన్నవాళ్ళు. కూర్చోమన్నా కూర్చోలేదు. దేవి వంటింటి గుమ్మంలో నిలబడింది. మా ఆయన బయట వల విప్పుతున్నట్టు నటిస్తున్నాడు.

“సెప్పు.”

“పడవ తిరగబడిపోనాక దాని మీదకెక్కి పట్టుకున్నాం పిన్నీ. ఆడికి కొత్త సెప్పులు పోనాయని బాధ. దేవి సంపేత్తాదిరా అన్నాడు. నవ్వినాడు కూడా.”

దేవి చీర చెంగు నోట్లో కుక్కుకుంది.

“హెలికాప్టర్ వచ్చినాది. తాడు దిగింది. గాలికి ఊగిపోతన్నాది. నానున్న ఏపు వచ్చినాది పిన్నీ, అంతే. ఆడున్న ఏపు వచ్చుంటే ఆడే ఎల్లును. ఎక్కరా ఎదవా అన్నాడు. ఎక్కినాను.” ముక్కు తుడుచుకున్నాడు. “నన్ను లోపలికి లాగీసి మళ్ళీ తిరిగినారు. గాలి తోసీసినాది. మళ్ళీ వచ్చినారు. తోసీసినాది. పైలట్ మెడ మీద నరాలు నాకు కనబడతన్నాయి. మళ్ళీ వచ్చినాడు. ఈపాలి నిలబెట్టీసినాడు పిన్నీ. పడవ మీదే. తాడు సక్కగా దిగినాది. పడవున్నాది.”



“ఆడు?”

“నేడు పిన్నీ. ఉత్త పడవే.”

బయట వల చప్పుడు ఆగిపోయింది.

“ఎంతసేపు నిలబెట్టినాడు?”

“ఎనకున్నోడు పెట్రోలు అయిపోతాది, ఎల్లిపోదాం అని అరుత్తన్నా సరే నిలబెట్టినాడు. ఎనకున్నోడు వచ్చి బుజం మీద సెయ్యేసినాడు. అప్పుడు తిప్పినాడు. నేలకి దిగినాక ఆయన సేతులు ఇడిపించుకోనేకపోనాడు పిన్నీ, నడిపీ కర్రకి అతుక్కుపోనాయి.”

అన్నం పెడతాను తినమన్నాను. తిన్నాడు. దేవి వడ్డించింది.

నిలబెట్టలేదని ఇన్నాళ్ళూ ఆయన్ని తిట్టాను. ఆయన పిల్లల్ని కూడా తిట్టాను. నిలబెట్టాడు. కింద ఎవరూ లేకపోయినా నిలబెట్టాడు.

డిసెంబరు 10

“మావా, దాసుడికి కబురెట్టు” అన్నాను. మా ఆయన తల ఊపి వాకిట్లోకి వెళ్ళాడు. అక్కడ ఆయన ఏడుస్తుంటే నేను వెళ్ళలేదు. ఆయనకీ కొంచెం చోటు కావాలి.

డిసెంబరు 12, శుక్రవారం

అయింది.

గడ్డి మా ఆయనే కోసి తెచ్చాడు, ఆయనే కట్టాడు. వల కట్టే చెయ్యి కదా, ముడులు గట్టిగా వేశాడు. ఎత్తు కూడా సరిగ్గా యువరాజంతే వచ్చింది. చొక్కా ఇవ్వమని నేను దేవిని అడగలేదు. అదే తీసుకొచ్చింది. ఉప్పు పోయేదాకా మంచినీళ్ళలో ఉతికి, ఆరబెట్టి, ఊడిన గుండీ కూడా కుట్టింది. కాలిపోయే చొక్కాకి గుండీ ఎందుకే అని పెద్దతల్లి అనబోయి ఊరుకుంది. దేవే తొడిగింది. కాలరు సర్దింది.

పేరు పెట్టి పిలవాలన్నాడు దాసుడు. తల్లి పిలవాలట.

పిలిచాను. యువరాజూ అని. బువ్వకి పిలిచినట్టే వచ్చింది గొంతు, వేరేగా రాలేదు.

పలకలేదు.

డిసెంబరు 13

జైలు గురించి ఒక్కసారి ఆలోచించాను. ఒక్కసారే.

డిసెంబరు 15, సోమవారం

రేపు నెలగంట. దేవిని తీసుకెళ్ళడానికి వాళ్ళ నాన్న సాయంత్రం వస్తాడు. వెళ్ళమని నేనే చెప్పాను. మళ్ళీ ఎవరినైనా చేసుకోమని కూడా చెప్పాలి. ఇవాళ నోరు రాలేదు. ఫోనులో చెప్తాను.

పొద్దున్నే ఎండు చేపల మూట విప్పాను. పైవి చెమ్మ పట్టాయి, అడుగువి బాగున్నాయి. గంపలో సర్దాను. నిండు గంప ఒక్కరు ఎత్తుకోలేరు. ఇంకో చెయ్యి ఉండాలి. చుట్టకుదురు నెత్తిన పెట్టుకుని కూర్చున్నాను. ఎవరినీ పిలవలేదు. దేవి వచ్చి అటువైపు పట్టుకుంది.

“లేపనా అత్తా?”

“ఊఁ, లేపు.”

ఇద్దరం కలిసి ఎత్తాం. బరువు నెత్తి మీద కూర్చున్నాక కూడా అది వెంటనే చెయ్యి తియ్యలేదు. నేను అడుగు వేసేదాకా పట్టుకుంది. గాజులు లేని చెయ్యి, చప్పుడు లేదు.

టెక్కలి ఆటో ఆగే చోటుకి ఒడ్డు మీదుగా నడిచాను. గాలి బాగా ఉంది. హార్బరు మీద ఆ హెలికాప్టరు లేచిన చప్పుడు వినబడింది. నిరంజన్ వాళ్ళు రేపు వెళ్ళిపోతారట, ఇదే ఆఖరి పరీక్ష. ఇప్పుడు పడవలన్నిటికీ ముందే చెప్పి ఎగరేస్తున్నారు. అందరూ తలెత్తి చూస్తున్నారు. నేను చూడలేదు. గంప ఉంది కదా, తల ఎత్తకూడదు. ఒక చోట గాలి విసురుగా కొట్టింది. మెడ దానంతట అదే సర్దుకుంది.

ఆటో దగ్గర గంప దించాలి. ఎత్తినట్టే దించడానికీ ఇంకో చెయ్యి కావాలి. ఇన్నేళ్ళలో యువరాజో దేవో ఎవరో ఒకరు వెంట వచ్చేవారు. కాసేపు అలాగే నిలబడ్డాను. నిలబడడం నాకు బాగా వచ్చు.

తరవాత అడిగాను, “ఎవులైనా ఓ సెయ్యెయ్యండమ్మా, దించుకుంటాను” అని.